గోలుకు కట్టిన వేటవల

నేను చాలా వాదనలు గెలిచాను. ముహూర్తాల మీద గెలిచాను, శకునాల మీద గెలిచాను. దయ్యం పట్టిందని ఒక ఆడమనిషిని వేపమండలతో బాదుతున్న భూతవైద్యుణ్ణి ఊరి నడుమ నిలబెట్టి గెలిచాను. వాటిలో ఏ ఒక్కదానికీ నాకు చింత లేదు. ఓడిపోయి ఉంటే బాగుండేదని ఇన్నేళ్ల తర్వాత కూడా అనిపించే వాదన ఒకటే ఉంది. అది ఒక వల గురించి. ఫుట్‌బాల్ గోలుకు కట్టిన వల.

నేను కృష్ణ ఒడ్డున పుట్టినవాణ్ణి. మా నాన్న నన్ను గుడికి తీసుకుపోలేదు, సంస్కరణ సభలకు తీసుకుపోయాడు. పదేళ్లు నిండకముందే బల్ల ఎక్కి మాట్లాడాను. మాకు వాదన నేర్పిన పెద్దమనిషి ఒకటే చెప్పేవాడు: "ఎదుటివాడి గోడలో వదులుగా ఉన్న ఇటుక ఏదో చూడు. దాన్ని లాగు. గోడ తనే పడుతుంది." ఆ గోడ మీద ఏం ఆనుకుని ఉందో కూడా చూడమని ఆయన చెప్పలేదు. నేనూ అడగలేదు.

టీచరు ఉద్యోగం వచ్చి, బాన్సువాడలో బస్సు మారి, మంజీర ఒడ్డున ఉన్న ఒక చిన్న ఊళ్లో చేరేసరికి 1969. చేరిన కొద్ది నెలలకే బడులు మూతబడ్డాయి. ప్రత్యేక రాష్ట్రం కావాలని విద్యార్థులు రోడ్ల మీదికి వచ్చారు. మా వైపు నుంచి వచ్చిన ఉద్యోగులు చాలామంది పెట్టెలు సర్దుకుని వెళ్లిపోయారు. నేను వెళ్లలేదు. దాన్ని ధైర్యమని కొందరు రాశారు గానీ ధైర్యం కాదు, వెళ్లడానికి అక్కడ నాకెవరూ మిగల్లేదు. నాన్న పోయాడు. పంతులు లేకుండా పెళ్లి చేసుకుంటానన్నందుకు పిల్లనిచ్చేవాళ్లు దొరకలేదు. ఉన్నచోటే ఉండిపోయాను.

ఊరివాళ్లు నన్ను ఏమీ అనలేదు. "ఆంధ్ర సారు" అన్నారు, అంతే. కానీ నేను వస్తుంటే హోటల్లో మాటలు ఆగేవి. టీ తాగి నేను లేచాక మళ్లీ మొదలయ్యేవి. ఆ ఆగడం, మొదలవడం మధ్యలోనే నేను ఆ ఏడంతా బతికాను.

మూసిన బడి బీరువాలో ఒక తోలు బంతి ఉంది. ఒకరోజు పొద్దుపోక దాన్ని తీసి, గాలి కొట్టించి, నది వైపు నడిచాను. అక్కడ ఊరికి, తండాకు సమదూరంలో ఒక పాత షికారు బంగ్లా ఉంది. దాని ముందు నల్లరేగడి మైదానం. చెట్టు లేదు, రాయి లేదు, పొట్టి గడ్డి మాత్రం ఉంటుంది. ఒక్కడినే బంతిని తన్నుకుంటూ, దాని వెంట పోతూ ఉన్నాను. మూడో రోజుకు దూరంగా నిలబడి చూసేవాళ్లు వచ్చారు. నాలుగో రోజు పటేలు చిన్నకొడుకు వచ్చి, "సారూ, ఒక్కలే ఆడితే గెలిచేదెవలు, ఓడేదెవలు?" అన్నాడు. ఇరవై ఏళ్లవాడు, చెరకు తోటల్లో పెరిగి ఎద్దులా ఉన్నాడు. తర్వాత మా సెంటర్ ఫార్వర్డ్ అతనే.

తండా నుంచి వచ్చినవాళ్లలో ఒకడు బంతిని కాలితో కాక చేత్తో పట్టుకోవడానికే ఎగబడేవాడు. పొడుగు చేతులు. ఎటు కొట్టినా అక్కడ ఉండేవాడు. అతన్ని గోలు కాసే గోలీని చేశాను. అప్పటికి అతనికి ఇరవై రెండో ఇరవై మూడో. నేను పెట్టిన రాత్రిబడిలోనే అక్షరాలు నేర్చుకున్నాడు. అక్షరాల కంటే వేగంగా ప్రశ్నలు నేర్చుకున్నాడు. "ఎట్ల తెలుసు?" అని తండా పెద్దల్ని అడిగి తిట్లు తినేవాడు. నాకు గర్వంగా ఉండేది. ఆ ఊళ్లో నాకంటూ ఉన్న మనిషి అతనొక్కడే.

ఊరివాళ్లు, తండావాళ్లు ఒక కుండలో నీళ్లు తాగేవాళ్లు కాదు. కానీ గోలీ గుండెకు హత్తుకున్న బంతినే పటేలు కొడుకు నుదుటితో కొట్టేవాడు. ఆ సంగతి అతనికి నేను గుర్తు చెయ్యలేదు. రెండేళ్లు ఆడాక ఒకరోజు అతనే గోలీ చెంబు లాక్కుని గటగటా తాగి, మూతి తుడుచుకుని, చుట్టూ చూసి, "ఏంది జూస్తున్నరు? దూప అయితే దూపే" అన్నాడు. నా ఉపన్యాసాలు పదేళ్లలో చెయ్యలేని పని ఒక ఎండపూట ఆట చేసింది.

ఆ బంగ్లా గురించి చెప్పాలి. పాత రోజుల్లో దొరల అతిథులు వేటకు వచ్చి దిగేవాళ్లు. వరండా గోడల నిండా మెలితిరిగిన కొమ్ములు. ఆ మైదానం కృష్ణజింకలది. మగదాన్ని అక్కడ ఇర్రి అంటారు. ఈడుకొచ్చిన ఇర్రి వీపు నల్లగా నిగనిగలాడుతుంది. అతిథులు వచ్చినప్పుడల్లా తండా మగవాళ్లను వెట్టికి తోలుకొచ్చేవారట. డప్పులు కొట్టుకుంటూ జింకల్ని ఒక పక్కకు తరమాలి, ఆ పక్కన కొందరు జనపనార వలలు పట్టుకుని నిలబడాలి. మా గోలీ తండ్రి చిన్నప్పటి నుంచీ అలా వల పట్టినవాడే. కొమ్ము పొడిచి ఒక కాలు కొంచెం కుంటేవాడు. దొరలు పోయారు, వెట్టి పోయింది, వల మాత్రం ఆయన గుడిసె అటక మీద మిగిలింది.

తర్వాత జంతువుల్ని చంపకూడదని కొత్త చట్టం వచ్చింది. బంగ్లా అడవి శాఖ చేతికి పోయింది. ఒక రేంజరు వచ్చాడు. శని, ఆదివారాలు పట్నం నుంచి జీపుల్లో జనం రావడం మొదలైంది. అదే వరండా, అవే జింకలు, తుపాకుల బదులు దుర్భిణీలు. రేంజరు మొట్టమొదట చేసిన పని మా ఆట ఆపమనడం.

నేను ఆయనతో వరండాలో మూడు గంటలు వాదించాను. "ఈ ఊళ్లో జొన్నచేను తినే జింకను ఎవరు ప్రేమిస్తారు?" అన్నాను. "మీ గార్డులు ఇద్దరు. ఉచ్చులు పెట్టేవాళ్లు ఊరంతా. మాకు మైదానం ఇవ్వండి, ఊరంతా మీకు గార్డులవుతారు." ఆయన కాసేపు గోడ మీది కొమ్ముల వైపు చూసి ఒప్పుకున్నాడు. షరతులు పెట్టాడు. సాయంత్రం నాలుగు నుంచి పొద్దుగూకేదాకే ఆట. కుక్కలు రాకూడదు. జింక మైదానంలోకి వస్తే ఆట ఆగాలి.

నేను ఒక షరతు కలిపాను. ఆదివారం ఆడాలంటే ప్రతివాడూ తన పొలం గట్ల మీద ఉచ్చు వెతికి తెచ్చి గోలు పక్కన వెయ్యాలి. ఉచ్చు తెచ్చినవాడికే ఆట. రెండు నెలలు అద్భుతంగా సాగింది. గోలు పక్కన తీగల కుప్ప పెరిగింది. మూడో నెలలో పటేలు కొడుకు తెచ్చిన ఉచ్చు ఎండలో తళతళ మెరిసింది.

"ఇది ఎక్కడ దొరికింది?" అన్నాను.

"మా చెల్క గట్టు మీద సారు."

"తుప్పు లేదే?"

"నిన్ననే పెట్టిండ్రు గావచ్చు."

గోలీ దాన్ని వేలికి చుట్టి చూసి, "అన్నా, ఈ తీగె నిన్న మీ మోటరుకు ఉండె గదా?" అన్నాడు. అందరూ పొట్ట చేత్తో పట్టుకుని నవ్వారు. పటేలు కొడుకు సిగ్గుపడకుండా, "ఇగ ఉచ్చులన్నీ అయిపోయినయి, ఆటకెట్ల రావాలె మరి? ఒకటి జేసుకొచ్చిన" అన్నాడు. అంటే ఊరి పొలాల్లో ఉచ్చులు నిజంగానే అయిపోయాయి. ఆ రోజు నుంచి ఉత్త చేతులతో వచ్చినవాళ్లనూ ఆడనిచ్చాం.

జింక మైదానంలోకి వచ్చినప్పుడు ఏం చెయ్యాలో మాకు నేర్పింది గోలీయే. మొదట్లో జింక కనబడగానే మేము పక్కకు పరుగెత్తేవాళ్లం, అది బెదిరి మా మధ్యలోకే దూకేది. ఒకసారి గోలీ గోల్లోంచి అరిచాడు: "ఉరకకుండ్రి! ఏడున్నోళ్లు ఆడ్నే కూసోండ్రి! నిలబడ్డోడు వేటగాడు, కూసున్నోడు పొద!" కూర్చున్నాం. ఇర్రి తల ఎత్తి మమ్మల్ని చూసి, తీరిగ్గా, ఇరవై ఇద్దరి మధ్య నుంచి దాటిపోయింది. అప్పటి నుంచి అదే నియమం. బంతి ఎక్కడుంటే అక్కడ, మనిషి ఎక్కడుంటే అక్కడ. జింక దాటాక గోలీ "ఇగ లేవుండ్రి!" అని కేకేసేదాకా ఎవడూ లేవకూడదు. గోల్లో నిలబడేవాడికి మైదానమంతా కనబడుతుంది కదా. వరండాలో దుర్భిణీలు పెట్టుకున్న పట్నంవాళ్లు జింకల్ని వదిలేసి మమ్మల్ని చూసేవాళ్లు. నాకైతే ఆ కూర్చున్న నిమిషాలే ఇష్టం. ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలో ఏ కులమూ నిర్ణయించదు. నేను కూడా వాళ్లలో ఒక పొదను.

ఇక వల. నది వైపు గోలు వెనక నేల వాలుగా ఉండేది. గోలు పడితే బంతి దొర్లుకుంటూ నీళ్ల దాకా పోయేది. మొసళ్లు తిరిగే నది. తేవడానికి ఎవడూ పోడు. గోలీ తన తండ్రిని బతిమాలి ఆ పాత వేటవలను దించాడు. ముసలాయన స్వయంగా మోసుకొచ్చి స్తంభాలకు కట్టాడు. చెట్టుపట్ట రసంలో నానబెట్టి నల్లబడ్డ జనపనార, చేత్తో వేసిన ముడులు. "మనుషులను తోలి జింకలను పట్టిన వల. ఇయ్యాల బంతిని పడుతున్నది" అని నవ్వాడు.

ఆయనదీ ఒక షరతే. పొద్దుగూకేలోపు వల దిగాలి. ప్రతి సాయంత్రం ఆయన కుంటుకుంటూ వచ్చి ముడులు విప్పి, వలను కళ్లకద్దుకుని, వాళ్ల భాషలో ఏదో గొణిగి, మడిచి భుజాన వేసుకుని పోయేవాడు. "ఏమంటాడు?" అని గోలీని అడిగితే, "తల్లీ, ఇది ఆటకే, అంటడు సారు" అన్నాడు. నాకు ఒళ్లు మండేది. ఆటలోకి దేవతను తెస్తున్నాడని మండేది. చాలా నెలలు ఊరుకున్నాను. ఊరుకోవడం నాకు అలవాటు లేని పని.

చలికాలంలో ఒక శనివారం. మరునాడు మద్నూరు జట్టు లారీలో వస్తోంది. వాళ్లు మధ్యాహ్నానికి తిరిగిపోవాలి కాబట్టి రేంజరును అడిగి ఆ ఒక్క రోజుకు పొద్దున్నే ఆడటానికి అనుమతి తెచ్చాను. సాయంత్రం ముసలాయన వల విప్పడానికి వచ్చాడు. నేను అడ్డం నిలబడ్డాను.

"తెల్లారగానే ఆట. ఇప్పుడు విప్పి, మళ్లీ పొద్దున గంటసేపు కట్టడం ఎందుకు? ఉండనివ్వండి," అన్నాను.

"ఉండనియ్యరాదు సారు. పొద్దుగూకినంక వల నిలవడొద్దు."

"ఎందుకు నిలవకూడదు?"

"తల్లి తిరుగుతది. తన జీవాలను తోలుకొని ఈడికెళ్లే పోతది. వల జూస్తే కోపానికొస్తది."

"మీరు చూశారా?"

"నేను జూడలే."

"మీ నాన్న చూశాడా?"

"గాయిన గూడ జూసిన్నని చెప్పలే."

"గోల్!" అని వెనక నుంచి పటేలు కొడుకు అరిచాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వు నాకు ఎక్కింది.

"దేవత కదా, వలను చూసి తప్పుకుని పోలేదా? ఆమెకు కళ్లు లేవా?"

"రెండు!"

"సారూ, మీ లెక్క నాకు మాట్లాడరాదు. వల తియ్యాలె. గంతే."

"గంతే అన్నది జవాబు కాదు, తాతా."

"మూడు! అయిపోయింది ముసలాయన పని!"

ముసలాయన నా వైపు చూడలేదు, కొడుకు వైపు చూశాడు. గోలీ స్తంభానికి ఆనుకుని, తండ్రిని చూసి, నన్ను చూశాడు. నేను అతనికి నేర్పిన ప్రశ్నలన్నీ ఆ చూపులో ఉన్నాయి. నేను ఒక్క మాట అనుంటే సరిపోయేది: "పోనీలే, తీసెయ్." అనలేదు. గంట పని మిగులుతుందన్నది సాకు. అతను నా పక్షాన మాట్లాడటం అందరి ముందూ వినాలనుకున్నాను.

"ఉండనీ బాపూ," అన్నాడు గోలీ. "సారు చెప్తుండు గదా. ఒక్క రాత్రికి ఏమైతది?"

"నీ ఇష్టం బిడ్డా," అని ముసలాయన వెనుదిరిగాడు. రోజూ వల మోసే భుజం మీద ఆ రోజు తన చెయ్యే వేసుకుని పోయాడు.

ఇంటికి వచ్చి, అన్నం తిని, ఆ వాదనంతా ఏకబిగిన వ్యాసంగా రాశాను. మా వైపు నుంచి వెలువడే ఒక హేతువాద పత్రికకు. దేవత పేరుతో కట్టే ప్రతి వలనూ ఇలాగే ప్రశ్నించాలని ముగించాను. తెల్లవారి మొదటి బస్సు కండక్టరు చేతికి కవరు ఇచ్చి, బాన్సువాడలో డబ్బాలో వెయ్యమని చెప్పి, మైదానానికి నడిచాను.

మంచు ఇంకా విడలేదు. మద్నూరు లారీ అప్పుడే ఆగింది. మావాళ్లు నేను రాకముందే చేరారు. అందరూ గోలు ముందు గుమిగూడి ఉన్నారు. వలలో ఎడమ మూల నల్ల ఇర్రి ఒకటి వేలాడుతోంది. మెలితిరిగిన రెండు కొమ్ములూ తాళ్లలో చుట్టుకుపోయాయి. గింజుకున్న కొద్దీ బిగిసి, ముందుకాళ్లు నేలకు అందీ అందకుండా ఉన్నాయి. ఇంకా ప్రాణం ఉంది. ముక్కుల్లోంచి ఆవిరి వస్తోంది.

ఒక సంగతి చెప్పకుండా దాచలేను. ఇర్రికి ఒక అలవాటు ఉంది. అది తన చోటును ఎంచుకుని, రోజూ అక్కడికే వచ్చి, పెంటికలు అక్కడే వేస్తుంది. తెల్లవారుజామున అక్కడే నిలబడి, ఎదురుపడ్డ కొమ్మనైనా దేన్నైనా కొమ్ములతో కుమ్ముతుంది. ఆ పెంటికల కుప్ప మా గోలుకు ఇరవై అడుగుల దూరంలో ఉంది. అది అక్కడ ఉందని మా అందరికీ తెలుసు. కార్నర్ కొట్టేవాడు దాన్ని తొక్కకుండా తప్పుకుని వచ్చేవాడు. ఋజువేదీ అని ముసలాయన్ను నిలదీసిన నేను, ఇరవై అడుగుల దూరంలో కుప్పగా పడి ఉన్న ఋజువును చూడలేదు. గాలికి కదిలే వల దానికి ఎదురు నిలిచిన ఇంకో ఇర్రిలా కనబడి ఉంటుంది.

గోలీ కొడవలితో తండ్రి వలను పరపరా కోశాడు. ఇర్రి కింద పడి, లేచి, నిలబడింది. అది నిలబడగానే మావాళ్లందరూ ఎక్కడివాళ్లక్కడ కూర్చున్నారు. ఎవరూ చెప్పలేదు. అలవాటు. నేనూ కూర్చున్నాను. లారీ దిగిన మద్నూరువాళ్లు "కాయ్ ఝాలం? కాయ్ ఝాలం?" అని, ఏమైందో మరాఠీలో అడుగుతూ నిలబడ్డారు. ఇర్రి నాలుగు అడుగులు వేసింది. అయిదో అడుగుకు మోకాళ్ల మీద కూలి, మెడ వాల్చింది.

గోలీ "లేవుండ్రి" అనలేదు. మేము చాలాసేపు కూర్చునే ఉన్నాం.

రేంజరు వచ్చి మొదట అడిగింది, "వల ఎవరిది?" అని.

"మాది సాబ్," అన్నాడు గోలీ.

"కట్టి ఉంచమన్నది నేను," అన్నాను. "తప్పు నాది. నా పేరు రాయండి."

రేంజరు నా వైపు జాలిగా చూశాడు. "సార్, మీరు చదువు చెప్పెటోళ్లు, పక్కకు జరగండి. జింకను పట్టింది వేటవల. వల ఈయనది. కాగితంలో వల రాస్తం గాని వాదన రాయరాదు."

ముసలాయన అప్పుడే వచ్చాడు. తెగిన వలను ఏరి కుప్ప చేసి, ఎప్పటిలా కళ్లకద్దుకోబోతే గార్డు లాక్కున్నాడు. అది సాక్ష్యమట. గోలీని జీపు ఎక్కిస్తుంటే దగ్గరికి పోయి, "నేను కోర్టుకు వచ్చి చెబుతాను," అన్నాను.

"వద్దు సారు," అన్నాడు. గొంతులో కోపం లేదు. అదే నన్ను ఎక్కువ కాల్చింది. "మీరొచ్చి మాట్లాడితే మళ్ల మీరే గెలుస్తరు."

కొన్ని వారాలు జైల్లో ఉన్నాడు. తర్వాత ఏళ్ల తరబడి వాయిదాలు. అతను వద్దన్నా నేను వెళ్లాను. వకీలు నా సాక్ష్యం అక్కర్లేదన్నాడు. ప్రతి వాయిదాకూ ముసలాయన వచ్చి కోర్టు మెట్ల మీద కూర్చునేవాడు. నన్ను చూసి లేచి దండం పెట్టేవాడు. ఒక్కసారి మాత్రం, "వల మళ్ల ఇస్తరా సారు?" అని అడిగాడు. ఇవ్వలేదు. చివరికి కేసు కొట్టేశారు. అప్పటికి ముసలాయన లేడు.

నా వ్యాసం నెల తిరగకముందే అచ్చయింది. మూడు జిల్లాల నుంచి అభినందన ఉత్తరాలు వచ్చాయి. నేను వెంటనే ఇంకొకటి రాసి పంపాను. జరిగింది జరిగినట్టు రాశాను. దేవత లేదు, కానీ వల తియ్యాలన్న మాట నిజం. ముసలాయన చెప్పిన కారణం తప్పు, చేసిన పని ఒప్పు. నేను కారణాన్ని ఓడించి పనిని చంపాను, అని రాశాను. సంపాదకుడు దాన్ని తిప్పి పంపాడు. "ఇది మూఢనమ్మకాల వాళ్లకు ఆయుధమవుతుంది" అని మార్జినులో రాశాడు. నిజం ఎవరికి ఆయుధమవుతుందో చూసుకుని చెప్పడం మనం ఎప్పటి నుంచి మొదలుపెట్టామని జవాబు రాశాను. ఆ తర్వాత వాళ్ల నుంచి ఉత్తరాలు రాలేదు. ఉన్న నలుగురు దూరపు మిత్రులూ అలా పోయారు.

ఇప్పటికీ ఆ తల్లి లేదనే అంటాను. ఎవరైనా ఈ కథ చెప్పి, "చూశావా తల్లి కోపం?" అంటే వాళ్లతో వాదిస్తాను. ఇర్రిని చంపింది దేవత కోపం కాదు, నా అజాగ్రత్త. "ఎవరు చూశారు?" అని అడగడం నాకు వచ్చు. "ఇది ఎందుకు చేస్తున్నారు, చెయ్యకపోతే ఏమవుతుంది?" అని ఆ సాయంత్రం ఆ ముసలాయన్ని మర్యాదగా అడిగి ఉంటే ఆయనే చెప్పేవాడేమో. ఏళ్ల తరబడి వల పట్టినవాడు. వదిలేసిన వల ఏం చేస్తుందో ఆయనకు తెలిసినంత ఎవరికి తెలుసు? ఆ తెలివిని దాచుకోవడానికి ఆయనకు దొరికిన పెట్టె దేవత. నేను పెట్టెను పగలగొట్టాను, లోపల ఏముందో చూడలేదు.

మైదానం చుట్టూ ముళ్లకంచె వేశారు. ఆట పోయింది. పటేలు కొడుకు పెళ్లి చేసుకుని చెరకు చూసుకోసాగాడు. కనబడితే, "ఇగ గా ముచ్చట్లు ఎందుకు సారు," అని సైకిల్ తొక్కుకుంటూ పోయేవాడు. తండావాళ్లు రాత్రిబడికి రావడం మానేశారు. ఆట పోయాక పొలాల్లో ఉచ్చులు తిరిగి వచ్చాయి. ఆపేవాళ్లు ఎవరూ లేరు. మందలో జింకలు తగ్గుతుండటం కళ్లకు కనబడేది. నేను ఆదివారాలు ఒక్కడినే గట్ల మీద నడిచి, దొరికిన ఉచ్చులు పీకి, కంచె సందులోంచి దూరి, పాత గోలు స్తంభం పక్కన వేసి వచ్చేవాణ్ణి. ఎవరి కోసమో చెప్పలేను. ఆటకు రావాలంటే ఉచ్చు తేవాలి కదా.

ఎనభైలలో నాకు బదిలీ అయింది. వెళ్లేముందు ఆదివారం మధ్యాహ్నం చివరిసారిగా రెండు ఉచ్చులు పట్టుకుని వెళ్లాను. కంచె చాలాచోట్ల పడిపోయింది. స్తంభం ఒక్కటే నిలబడి ఉంది. దాని పక్కన తీగల కుప్ప చూసి ఆగిపోయాను. నేను వేసినదానికి రెండింతలు ఉంది. పైన ఉన్నవి కొత్తవి. నేను తెచ్చినవి కావు.

తలెత్తి చూస్తే మైదానం అవతలి కొసన, రెండో గోలు ఉండిన చోట, ఖాకీ చొక్కా వేసుకుని ఒక మనిషి నిలబడి ఉన్నాడు. పొడుగు చేతులు. అతన్ని అడవి శాఖవాళ్లే బంగ్లా వాచరుగా పెట్టుకున్నారని విన్నాను గానీ చూడలేదు. చేతిలో తీగల కట్ట ఉంది. అతనూ నన్ను చూశాడు. నేను చెయ్యి ఎత్తబోయాను.

అప్పుడే నది వైపు నుంచి జింకలు వచ్చాయి. ముందు మూడు ఆడవి, వెనక నల్ల ఇర్రి. మా ఇద్దరి మధ్యకే వస్తున్నాయి. నేను కూర్చున్నాను. అతనూ అక్కడే కూర్చున్నాడు. మధ్యలో మైదానం పొడవంతా ఖాళీ. ఆడవి దాటాయి. ఇర్రి ఆగి, తల ఎత్తి, ముందు అతని వైపు, తర్వాత నా వైపు చూసి, తీరిగ్గా నడిచి కంచె పడిపోయిన చోట అవతలికి పోయింది.

నేను లేవలేదు. గోలీ చెప్పందే లేవకూడదు. ఎండ నెత్తి మీద ఉంది. అతను చెప్పకపోయినా ఆశ్చర్యపోను అనుకున్నాను. అలా ఎంతసేపైందో.

"ఇగ లేవుండ్రి!"

అదే గొంతు. కొంచెం బరువెక్కింది. నేను మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచేసరికి అతను వెనుదిరిగి బంగ్లా వైపు నడుస్తున్నాడు. చేతిలోని తీగల కట్టను అక్కడే, ఆ కొసన వదిలి వెళ్లాడు. నేను మైదానం అంతా నడిచి వెళ్లి దాన్ని తీసుకుని, ఇవతలికి తెచ్చి, కుప్ప మీద వేసి, బస్సు కోసం రోడ్డెక్కాను.